వీధి వాకిలి

వీధి సంస్కృతపదమే అయినా తెలుగునాట దాని కాపురం చాలా పాతది. సంస్కృతంలో ఆ పదానికి వరుస, పంక్తి అనే అర్థాలు కూడా ఉన్నాయి. దశరూపకాలలో ఒక రూపకభేదానికి కూడా అదే పేరు. తెలుగులోకి వచ్చిన తరువాత ఆ మాట మన ఇంటి ముందు స్థిరపడింది. వీధిగుమ్మం, వీధి అరుగు, వీధిబడి, వీధినాటకం, వీధిభాగవతం – ఈ మాటలను ఒకచోట చేర్చి చూడండి. వీటిలో ఒక్కదానిలోనైనా ప్రయాణం లేదు. బాట, త్రోవ, దారి అనే మాటలు మనిషిని ఎక్కడికో తీసుకొనిపోతాయి. వీధి మాత్రం మనిషిని ఉన్నచోటనే కూర్చోబెడుతుంది, చదివిస్తుంది, ఆడిస్తుంది, నలుగురిలో నిలబెడుతుంది.

రాయలసీమలో ఇంటి ముందరి అరుగును కొందరు జగిలి అంటారు, కొందరు తిన్నె అంటారు. పేరు ఏదైనా దాని పని ఒకటే. సగం ఇల్లు, సగం వీధి అయిన ఆ చోటు ముసలివారికి కొలువుకూటం, పసివారికి ఆటస్థలం, బాటసారికి నీడ. తెల్లవారేసరికి కళ్లాపి చల్లి ముగ్గు పెట్టేది ఇంటిలోపల కాదు, వీధిలోనే. పూర్వం నేతవాడలలో పడుగు చాచి సరిచేసేదీ వీధిలోనే. ఆ పని సాగుతున్నంతసేపు బండి అయినా పక్కకు తప్పుకొని పోవలసిందే.

ఈ వీధికి ఇప్పుడు మరొక హక్కుదారు వచ్చాడు. అతని పేరు వేగం. మట్టివీధి సిమెంటువీధి అయినప్పుడు అందరమూ సంతోషించాం. సంతోషించవలసిన మార్పే అది. బురద పోయింది, దుమ్ము తగ్గింది. అయితే గతుకులు ఉన్నన్నాళ్లు గతుకులే వాహనాన్ని అదుపులో పెట్టేవన్న సంగతిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. గతుకు పోయినచోట అదుపు కూడా పోయింది. పోయిన అదుపును గతుకు లేకుండానే తిరిగి తెచ్చుకోవడం ఎలా అన్నదే ఈ పాఠంలోని విషయం. నివాసవీధిని నిర్మించే తీరుతోనే వాహనాల వేగాన్ని తగ్గించే ఈ విద్యను ట్రాఫిక్ కామింగ్ అంటారు. మనం దీనిని వేగశమనం అనుకోవచ్చు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం – ఈ మూడు పట్టణాల పేర్లను ఒక వరుసలో చెప్పడానికి కారణం ఉంది. అనంతపురం, కదిరి మీదుగా వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం ప్రాంతాలను కలుపుకొంటూ తమిళనాడులోని కృష్ణగిరికి చేరుతుంది. మదనపల్లె నుంచే 71వ నంబరు రహదారి పీలేరు, తిరుపతి వైపు సాగుతుంది. రహదారి వల్ల ఊరికి బలం చేకూరుతుంది. మదనపల్లె టమోటా దేశమంతటా అంగళ్లకు చేరుతున్నదంటే, కుప్పం ప్రాంతపు గ్రానైటు ఓడరేవులదాకా పోతున్నదంటే ఆ రహదారులే కారణం. కానీ రహదారిమీద రద్దీ పెరిగినప్పుడు వాహనం అడ్డదారి వెతుక్కొంటుంది. కూడలి దగ్గర ఐదు నిమిషాలు ఆగవలసి వస్తుందనుకొన్న వ్యక్తి పక్కవీధిలోకి తిరుగుతాడు. ఆ వీధిలో అతనికి ఇల్లు లేదు, బంధువు లేడు, పని లేదు. కోల్పోయిన ఐదు నిమిషాలను అతడు ఆ వీధిలోనే రాబట్టుకోవాలని చూస్తాడు. నివాసవీధులలోని అతివేగంలో ఇటువంటి దారిన పోయే వాహనాలకూ భాగం ఉంది.

వేగం అంటే ఏమిటో ఒకసారి లెక్క వేసి చూద్దాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు సుమారు 8.3 మీటర్లు కదులుతుంది. 50 కిలోమీటర్ల వేగంతో పోయేది దాదాపు 13.9 మీటర్లు కదులుతుంది. ఎదురుగా ఒక బిడ్డ పరుగెత్తి వచ్చిందనుకోండి. చోదకుని కన్ను చూసి, మనసు గ్రహించి, కాలు బ్రేకును తొక్కడానికి ఒక సెకను పడుతుందనుకొందాం. తడి లేని మంచి రోడ్డుమీద 30 వేగంతో వచ్చే కారు, ఆ సెకనులో సాగిన దూరంతో కలిపి, సుమారు 13 మీటర్లలో ఆగుతుంది. 50 వేగంతో వచ్చే కారుకు ఆ 13 మీటర్లూ ఆలోచనలోనే అయిపోతాయి. అంటే మొదటి కారు బిడ్డకు ముందే ఆగిపోయే చోట, రెండవ కారు ఇంకా బ్రేకు పట్టకుండా, వేగం ఏమాత్రం తగ్గకుండా బిడ్డను తాకుతుంది. తేడా 20 కిలోమీటర్లే కదా అనుకొనేవారు ఈ లెక్కను రెండుసార్లు చదవాలి.

తాకిడి బలం మరొక లెక్క. అది వేగంతోపాటు పెరగదు, వేగం యొక్క వర్గంతో పెరుగుతుంది. 30 వేగంతో తగిలిన దెబ్బ సుమారు మూడున్నర మీటర్ల ఎత్తునుంచి, అంటే మిద్దె మీదనుంచి కింద పడడంతో సమానం. 50 వేగంతో తగిలిన దెబ్బ దాదాపు పది మీటర్ల ఎత్తునుంచి, అంటే మూడంతస్తుల మేడపైనుంచి పడడంతో సమానం. మిద్దె మీదనుంచి పడినవారిలో చాలామంది కట్టుతో ఇంటికి వస్తారు. మూడంతస్తుల పైనుంచి పడినవారి సంగతి చెప్పనక్కరలేదు. 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన రహదారి భద్రతా మహాసభ, మనుషులూ వాహనాలూ కలిసి తిరిగే చోట గరిష్ఠవేగం 30 కిలోమీటర్లకు మించరాదని ప్రకటించడానికి ఆధారం ఇటువంటి లెక్కలే.

మన దేశంలో 2022వ సంవత్సరంలో రహదారి ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో పాదచారులు 32 వేలకు పైబడి ఉన్నారు. ద్విచక్రవాహనాలపై పోతూ మరణించినవారు మొత్తంలో దాదాపు 44 శాతం. మరి చట్టం ఏమంటున్నది? 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన వేగపరిమితుల ప్రకారం పురపాలక పరిధిలోని రోడ్లమీద కార్లు 70 కిలోమీటర్ల వరకు, మోటారు సైకిళ్లు 60 వరకు పోవచ్చు. ఇది ఊరిలోని పెద్దరోడ్లను దృష్టిలో ఉంచుకొని నిర్ణయించిన పైహద్దు. రాష్ట్రప్రభుత్వాలు దీనిని తగ్గించవచ్చు. ఎవరూ తగ్గించకపోతే, ముగ్గు పెట్టే వీధికి కూడా అదే హద్దు. చట్టం ఇచ్చిన అనుమతిని వీధి ఉపసంహరించుకోవాలంటే తన ఆకారంతోనే ఉపసంహరించుకోవాలి.

ఫలకం పెడితే చాలదా అని అడగవచ్చు. చాలదు. వాహనం నడిపే వ్యక్తి ఫలకాన్ని చదివి వేగాన్ని నిర్ణయించుకోడు, కంటికి కనిపించే దారినిబట్టి నిర్ణయించుకొంటాడు. దారి వెడల్పుగా, తిన్నగా, దూరందాకా ఖాళీగా కనిపిస్తే కాలు తనంతట తానే యాక్సిలరేటరును నొక్కుతుంది. దారి ఇరుకై, ముందు మలుపు ఉండి, పక్కన చెట్టు, అరుగు, మనిషి కనిపిస్తే అదే కాలు వెనుకకు తగ్గుతుంది. ఒక వీధిని విమానం దిగే పట్టీలా కట్టి, దాని మొదట్లో 'నెమ్మదిగా పొండి' అని వ్రాయడం ఆకలిగొన్నవాని ముందు విస్తరి పరచి ఉపవాసం గురించి ఉపన్యసించడం వంటిది.

కుప్పం ఈ విషయాన్ని మరింత స్పష్టంగా చూపుతుంది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దులు దగ్గర దగ్గరగా కలిసే ప్రాంతం అది. ద్రావిడ భాషల అధ్యయనంకోసం 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ నెలకొల్పడంలోని ఔచిత్యమూ ఇదే. ఆ వీధులలో తిరిగే చోదకులలో తెలుగు చదవగలవారూ ఉంటారు, తమిళమో కన్నడమో మాత్రమే చదవగలవారూ ఉంటారు, ఏదీ చదవలేనివారూ ఉంటారు. మూడు భాషలలో ఫలకం వ్రాయడం కంటే అందరికీ అర్థమయ్యేటట్లు వీధిని కట్టడం మేలు. మలుపు మాట్లాడే భాషకు అనువాదం అక్కరలేదు.

ఈ ఆలోచనకు స్పష్టమైన రూపం ఇచ్చినది నెదర్లాండ్స్ దేశం. 1960ల చివర డెల్ఫ్ట్ నగరంలో కొన్ని నివాసవీధుల ప్రజలు అడ్డదారిన దూసుకుపోయే కార్లతో విసిగిపోయారు. తిన్నగా ఉన్న దారిని వంకరలు తిప్పి, మధ్యమధ్య చెట్లూ బల్లలూ అమర్చి, కారు వచ్చినా మనిషి నడక కంటే వేగంగా పోలేని స్థితిని కల్పించారు. జూస్ట్ వాల్ అనే ఇంజనీరు ఈ పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడు. ఇటువంటి వీధికి అక్కడివారు 'వోనెర్ఫ్' అని పేరు పెట్టారు. 'వోన్' అంటే నివాసం, 'ఎర్ఫ్' అంటే ఇంటి ఆవరణ. పేరు పెట్టినవారికి తెలుగు వచ్చి ఉంటే 'వాకిలి' అనే ఒక్క మాట సరిపోయేది. మన వాకిలి తలుపూ అవుతుంది, తలుపు ముందరి నేలా అవుతుంది.

వోనెర్ఫ్‌లో నడిచేవారికి ఒక దారి, వాహనానికి ఒక దారి అనే విభజన లేదు. వీధి వెడల్పంతా మనిషిదే. పిల్లలు ఆడుకోవచ్చు. వాహనం అతిథిలా వచ్చి, అతిథిలా నడుచుకొని పోవాలి. గుర్తు పెట్టిన చోట తప్ప నిలుపరాదు. 1976లో ఆ దేశం ఈ వీధులకు చట్టబద్ధమైన హోదా ఇచ్చింది. ఆ చట్టం ఊరకే రాలేదు. 1971లో నెదర్లాండ్స్‌లో రహదారి ప్రమాదాలలో సుమారు 3,300 మంది మరణించారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. బిడ్డను పోగొట్టుకొన్న విక్ లాంగెన్‌హోఫ్ అనే పత్రికా రచయిత వ్రాసిన వ్యాసం ప్రజలను కదిలించింది. 'పిల్లల హత్యను ఆపండి' అనే పేరుతోనే ఒక ఉద్యమం బయలుదేరింది. తల్లిదండ్రులు, పిల్లలు వీధులకు అడ్డంగా కూర్చున్నారు. నేడు సైకిళ్ల దేశంగా మనం మెచ్చుకొనే ఆ దేశం పుట్టుకతో అటువంటిది కాదు, పట్టుబట్టి సాధించుకొన్నది. తరువాతి కాలంలో జర్మనీ 1983లో బుక్స్‌టెహూడె పట్టణంలో 30 కిలోమీటర్ల వేగమండలాన్ని ప్రయోగించింది. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరం 1992లో దానిని నగరంలోని వీధులకు విస్తరించింది. స్పెయిన్ 2021లో దేశమంతటా చిన్నవీధులకు అమలు చేసింది.

ప్రాణనష్టం కంటికి కనిపిస్తుంది. కనిపించని నష్టం మరొకటి ఉన్నది. డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే ఆచార్యుడు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో, రద్దీలో తప్ప మిగిలిన అంశాలలో ఇంచుమించు ఒకే విధంగా ఉన్న మూడు వీధులను ఎంచుకొని పరిశీలించాడు. ఒకదానిలో రోజుకు 2 వేల వాహనాలు, రెండవదానిలో 8 వేలు, మూడవదానిలో 16 వేలు తిరిగేవి. తక్కువ వాహనాలు తిరిగే వీధిలోని వారికి ఆ వీధిలో ఉన్న స్నేహితుల సంఖ్య, ఎక్కువ వాహనాలు తిరిగే వీధిలోని వారి కంటే మూడు రెట్లు ఉన్నదని తేలింది. 'మీ ఇల్లు ఎంతవరకు?' అని అడిగితే మొదటి వీధివారు వీధినంతా తమ ఇల్లుగా గీసి చూపారు. మూడవ వీధివారి ఇల్లు గడప దగ్గరే ఆగిపోయింది. 1981లో ఈ పరిశోధన 'లివబుల్ స్ట్రీట్స్' అనే గ్రంథంగా వెలువడింది. మరుసటి ఏడాదే ఆపిల్‌యార్డ్ ఏథెన్స్ నగరంలో కారు ప్రమాదంలో మరణించాడు. అరుగుమీద ముసలివారు లేకపోవడానికి టెలివిజనే కారణమని మనం చాలాకాలంగా అనుకొంటున్నాం. ఆ మాటలో కొంత నిజం ఉన్నా, అరుగు ముందునుంచి పోయే వాహనాలను కూడా ఎవరైనా లెక్కించి చూస్తే బాగుంటుంది.

మన ప్రాచీనులు ఈ విషయాన్ని పట్టించుకోలేదనుకోరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం దారులకు వేరువేరు వెడల్పులు నిర్దేశించింది. రాజమార్గానికి ఎనిమిది దండాలు, రథ్యలకు నాలుగు దండాలు, పశువుల దారికి నాలుగు అరత్నులు, చిన్న పశువులూ మనుషులూ నడిచే దారికి రెండు అరత్నులు. అంటే దారి ఎంత వెడల్పు ఉండాలన్నది దానిమీద ఎవరు నడుస్తారన్న దానినిబట్టి తేల్చారు. అన్ని దారులూ వీలైనంత వెడల్పుగా ఉండాలని ఆ గ్రంథం ఎక్కడా అనలేదు.

ఇక మృచ్ఛకటికంలో కథ మలుపు తిరగడానికి వీధిలోని రద్దీయే కారణం. ఊరి బండ్లు దారికి అడ్డం రావడంతో ఒక బండి చారుదత్తుని తోటవాకిట ఆగుతుంది. వసంతసేన తనకోసం వచ్చినదే అనుకొని అందులోకి ఎక్కుతుంది. దానినుంచే ఆమె ప్రాణంమీదికి వస్తుంది. ఆ నాటకాన్ని పాఠంగా చెప్పిన ప్రతిసారీ ఇది ట్రాఫిక్ జామే కదా అని విద్యార్థులు నవ్వుతుంటారు. నవ్వినా తప్పులేదు.

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో బండివల్ల కలిగే ప్రమాదాల ప్రస్తావన ఉంది. బండి తోలేవాడు 'తప్పుకో' అని కేక వేసి ఉంటే అతనికి దండన లేదని అక్కడ ఒక విధి. తోలేవానికి నైపుణ్యం లేక ప్రమాదం జరిగితే బండి యజమానికి జరిమానా అని మరొక విధి. రెండవదానిలో విచక్షణ కనిపిస్తుంది. మొదటిది మాత్రం నేటికీ మన రోడ్లమీద హారన్ రూపంలో బతికి ఉన్నది. హారన్ కొట్టాను కదా, తప్పుకోవలసిన బాధ్యత ఎదుటివారిదే అనే ధోరణి అదే. చెవి వినిపించని అవ్వ, బంతి వెంట పరుగెత్తే నాలుగేళ్ల బిడ్డ ఆ కేకకు ఎలా తప్పుకొంటారు? వేగశమనం ఈ బాధ్యతను తిరగవేస్తుంది. నివాసవీధిలో తప్పుకోవలసినది మనిషి కాదు, వాహనం.

ఇప్పుడు ఉపాయాల సంగతి. వేగశమనం అనగానే మనకు తోచేది స్పీడ్ బ్రేకర్ ఒక్కటే. ప్రమాదం జరిగిన మరునాడు వీధివారు చందాలు వేసుకొని రాత్రికి రాత్రి సిమెంటుతో ఒక గట్టు కట్టడం మనకు పరిపాటి. వారి ఆవేదన న్యాయమైనది, కట్టిన గట్టు మాత్రం న్యాయమైనది కాదు. జానెడు వెడల్పు, జానెడు ఎత్తున్న గట్టు వాహనాన్ని ఎగరవేస్తుంది. వెనుక కూర్చున్న గర్భిణికి, నడుమునొప్పి ఉన్న వృద్ధునికి అది శిక్ష. రాత్రివేళ దానిని గమనించని మోటారు సైకిలు బోల్తా పడుతుంది. అలవాటైనవారు గట్టు అంచుకూ మురుగుకాలువకూ మధ్యనున్న మూరెడు సందులోంచి వేగం తగ్గించకుండానే పోతారు. భారత రహదారుల మహాసభ సూచించిన కొలత వేరు. వృత్తఖండంలా వంపు తిరిగిన ఆ గట్టు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. అంటే బెత్తెడుకు కాస్త పైన ఎత్తు, రెండు నిలువుల వెడల్పు. గంటకు సుమారు 25 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం దానిని సుఖంగా దాటుతుంది. అంతకు మించిన వేగంతో వస్తే మాత్రమే కుదుపు తెలుస్తుంది. మంచి గట్టుకు, చెడ్డ గట్టుకు తేడా ఇదే. చెడ్డది అందరినీ శిక్షిస్తుంది, మంచిది వేగాన్ని మాత్రమే శిక్షిస్తుంది. దానిమీద రంగుపట్టీలు, కొంచెం ముందుగా హెచ్చరిక ఫలకం తప్పనిసరి.

గట్టుకు ఎంత మంచి కొలత ఇచ్చినా ఒక లోపం ఉండనే ఉంటుంది. దానిని దాటగానే చోదకుడు పోగొట్టుకొన్న వేగాన్ని తిరిగి పుంజుకొంటాడు. వీధి పొడవునా వేగం తక్కువగా ఉండాలంటే వీధి పొడవునా ఏదో ఒక కారణం కనిపిస్తూ ఉండాలి. అందుకు డెల్ఫ్ట్‌వారు కనిపెట్టిన వంకరదారి ఉత్తమం. దారిలో కొంతభాగం కుడివైపున చెట్లూ వాహనాలు నిలిపే చోట్లూ, మరికొంతభాగం ఎడమవైపున అవే అమర్చితే తిన్నని వీధి పాములా మెలికలు తిరుగుతుంది. వీధి మొగదల రెండు పక్కలా నేలను ముందుకు చేర్చి ద్వారంలా ఇరుకు చేస్తే, ఇక్కడినుంచి ఇళ్లు మొదలయ్యాయని లోపలికి వచ్చేవానికి తెలుస్తుంది. వీధి మూలను గుండ్రంగా విశాలంగా కోస్తే వాహనం వేగం తగ్గించకుండా తిరుగుతుంది, మూలను కురుచగా ఉంచితే నిదానించక తప్పదు. వెడల్పైన మూలను ఇంజనీర్లు సౌకర్యమంటారు. సౌకర్యమే, అయితే ఎవరికన్నది తేలాలి.

బడి ముందర మరొక పద్ధతి మేలు. వీధి దాటే చోటు మొత్తాన్ని నడకదారి మట్టానికి ఎత్తి, ఇరుపక్కలా వాలు కల్పిస్తారు. పిల్లలు దిగి రోడ్డు దాటరు, వాహనమే ఎక్కి పిల్లల దారిని దాటుతుంది. విదేశాలలో గట్టును ముక్కలుగా, దిండ్లలా అమర్చే పద్ధతి కూడా ఉన్నది. వెడల్పైన అంబులెన్సు వాటికి ఇరువైపులా చక్రాలు వేసి కుదుపు లేకుండా పోతుంది. అక్కడ కార్లు ఎక్కువ కనుక అది చెల్లింది. ద్విచక్రవాహనాలే ఎక్కువగా తిరిగే మన వీధులలో ఆ దిండ్ల నడిమి ఖాళీలు మోటారు సైకిళ్లకు రాచబాటలవుతాయి. పరాయిచోట పనికివచ్చిన ప్రతి ఉపాయమూ ఇక్కడ పనికిరాదు.

తిరుమల కొండదారిలో వేగాన్ని అదుపుచేయడానికి ఒక తెలివైన మార్గం అవలంబించారు. బయలుదేరిన వేళను చీటీమీద వేసి ఇచ్చి, నిర్ణీత సమయానికి ముందే చివరకు చేరినవారికి జరిమానా విధించారు. రెండు కొసలలోనూ ద్వారాలున్న దారి కనుక అది సాధ్యమైంది. ఊరి వీధికి ద్వారాలు ఎన్నో, కావలివారు ఎవరూ లేరు. అక్కడ రాయీ చెట్టూ మలుపే కావలివారు.

పుంగనూరు పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది అక్కడి పొట్టి ఆవు. దాని ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, అంటే మూడడుగుల లోపు. మూడేళ్ల బిడ్డ ఎత్తూ ఇంచుమించు అంతే. నిలిపి ఉంచిన కారు చాటున పుంగనూరు ఆవు నిలబడితే ఎదురుగా వచ్చే చోదకునికి కొమ్ము కూడా కనిపించదు. బిడ్డ సంగతీ అంతే. వీధి మూలలోనూ బడి వాకిటా వాహనాలు నిలపకుండా నేలను ముందుకు చేర్చి కట్టడంలోని అంతరార్థం ఇదే. అక్కడ దాటేవారు చోదకునికి కనిపించాలి. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర జరిగే రోజులలో వీధులు ఎవరివో ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. వాహనాలు వాటంతట అవే వెలుపల ఆగిపోతాయి. అయితే ఊరేగింపులు సాగే వీధులలో ఎత్తైన గట్లు, కదలని దిమ్మెలు కట్టరాదు. అక్కడ చెట్లతో, మెలికలతో, నేల రంగు మార్చే రాళ్లతో పని సాధించాలి.

మదనపల్లెలో సమస్య మరొక తీరుది. నీరుగట్టువారిపల్లెలో పట్టుమగ్గాలున్నాయి, అక్కడే టమోటా మార్కెట్టు కూడా ఉన్నది. కాయ పక్వానికి వచ్చిన కాలంలో రైతు తెచ్చే సరుకు వేళకు చేరాలి, కొన్నవారి లారీ వేళకు కదలాలి. ఆలస్యమైతే పండు ఆగదు. అక్కడ నివాసవీధి నెమ్మదిగా ఉండాలంటే లారీకి తనదైన దారి వేగంగా, అడ్డంకి లేకుండా ఉండాలి. 1963లో ఇంగ్లండులో వెలువడిన బుకానన్ నివేదిక ఊరిని ఇంటితో పోల్చి చెప్పింది. ఇంటిలో గదులుంటాయి, నడవా ఉంటుంది. నడవాలో నడుస్తాం, గదిలో బతుకుతాం. నడవా లేని ఇంటిలో ప్రతి గదీ నడవా అవుతుంది. లారీదారి చూపకుండా వీధులలో గట్లు మాత్రమే కడితే ఒక వీధి బాధ పక్కవీధికి పోతుంది. వేగశమనం ఒక వీధికి చేసే చికిత్స కాదు, పేట మొత్తానికి చేయవలసినది.

ఈ మార్పుకు ఎదురయ్యే ఆక్షేపణలలో కొన్ని బలమైనవే. దాటుచోటును ఎత్తితే వాననీరు నిలుస్తుంది. పక్కన కాలువకు దారి విడిచి కట్టకపోతే మొదటి వానకే వీధివారు దానిని పగులగొడతారు, వారిని తప్పుపట్టలేం. గట్టు లేని సమతల వీధిలో అంచును కర్రతో తడుముకొంటూ నడిచే అంధులకు దారి తెలియదు. అందుకే చేతికర్రకు, పాదానికి తెలిసే గరుకు పట్టీ వారికోసం వేయాలి. అగ్నిమాపక శకటం తిరగడానికి చోటుండాలి. వీటన్నింటికీ పరిష్కారాలు ఉన్నాయి. పరిష్కారం కష్టమైనది ఒక్కటే. వెడల్పైన రోడ్డంటే గౌరవమని మన మనసులలో నాటుకొనిపోయింది. 'నలభై అడుగుల రోడ్డు' అని ప్రకటనలో వేయగానే ఇంటిస్థలానికి ధర పెరుగుతుంది. ఆ నలభై అడుగులలో ఇరవై అడుగులు చెట్లకూ నడకకూ ఇచ్చినా రోడ్డు నలభై అడుగులదే. ఈ మాట కొనేవారికి ఎవరూ చెప్పరు.

చట్టంలో ఆధారాలు లేకపోలేదు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, నిర్ణీత ప్రమాణాలను పాటించకుండా రోడ్డును రూపొందించి నిర్మించినందువల్ల మరణం గాని అంగవైకల్యం గాని సంభవిస్తే, బాధ్యులైన అధికారికి లేదా గుత్తేదారుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ప్రమాదానికి చోదకుడే కాక దారి కూడా కారణం కావచ్చునని మన చట్టం ఒప్పుకొన్న సందర్భం ఇది. 2025 మే నెలలో సర్వోన్నత న్యాయస్థానం అడ్డంకులు లేని నడకదారి పౌరునికి ఉండడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ప్రసాదించిన జీవనహక్కులో భాగమని చెప్పింది. అదే 2019 సవరణ, మైనర్లు వాహనం నడిపి నేరం చేస్తే సంరక్షకునికి లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలుశిక్ష, 25 వేల రూపాయల జరిమానా విధించింది. పదహారు నిండినవారికి 50 సీసీకి మించని బండికి మాత్రమే అనుమతి ఉంటుంది. కళాశాల వెలుపల నిలిపి ఉంచిన బండ్లను ఈ దృష్టితో చూస్తే చాలామంది తండ్రులకు నిద్రపట్టదు.

వీధిని తవ్వి కట్టడానికి ముందు తాత్కాలికంగా ప్రయోగించి చూడవచ్చు. ఇసుకబస్తాలు, పూలతొట్లు, సున్నపుగీతలతో ఒక నెలపాటు మెలికలు కల్పించి, ఫలితం చూసి, పురపాలక సంఘం శాశ్వతంగా కట్టవచ్చు. ఫలితం తెలియాలంటే ముందు కొలత కావాలి. అందుకు ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. వీధి అంచున 50 మీటర్ల దూరంలో రెండు సున్నపుగీతలు గీయండి. రోడ్డుకు దూరంగా, అరుగుమీదనో ప్రహరీలోపలో కూర్చోండి. వాహనం మొదటి గీత దాటినప్పటినుంచి రెండవ గీత దాటేవరకు పట్టిన కాలాన్ని చేతి గడియారంతోనో సెల్‌ఫోన్‌తోనో లెక్కించండి. 6 సెకన్లు పడితే దాని వేగం గంటకు 30 కిలోమీటర్లు. అంతకంటే తక్కువ పడితే అది హద్దు దాటినట్లు. 3.6 సెకన్లలో దాటినది 50 వేగంతో పోతున్నది. బడి మొదలయ్యే వేళ ఒక గంట, బడి విడిచే వేళ ఒక గంట, రాత్రి ఎనిమిది తరువాత ఒక గంట లెక్కించి, కారు, ఆటో, మోటారు సైకిలు, లారీలను వేరువేరు గడులలో నమోదు చేయండి. అదే సమయంలో ఆ వీధిలో నడిచిన పెద్దలను, ఆడుకొన్న పిల్లలను, అరుగులమీద కూర్చున్నవారిని కూడా మరొక గడిలో లెక్కించండి. పట్టికను తేదీ వేసి భద్రపరచండి. తొట్లు పెట్టిన నెల తరువాత అవే వేళలలో, అదే చోట మళ్లీ లెక్కించవలసి ఉంటుంది.